కదలని కారునకు నిదానము

పొయ్యి యేల మండలేదో, పాలేల విఱిగినవో, బిడ్డ యేల యేడ్చుచున్నాడో యిల్లాలికి తెలిసియుండవలెనని లోకము కోరును. తెలియకున్న నిందించును. కాని యింటిముంగిట కారు నిలిచిపోయినప్పుడు మాత్రము "నీకేమి తెలియును? ప్రక్కకు తొలగు" మనును. పొయ్యి మండకుండుటకును కారు కదలకుండుటకును గల కారణములు చాలవఱకొక్కటియే యని నేను చెప్పిన మీకు వింతగా తోచవచ్చును. కట్టె లేకున్నను, గాలి యాడకున్నను, నిప్పంటకున్నను పొయ్యి మండదు. కారు ఇంజనును నొక విధమైన పొయ్యియే. అందు కట్టెకు మాఱుగా పెట్రోలు, అగ్గిపుల్లకు మాఱుగా స్పార్కు ప్లగ్గు. గాలి యెక్కడనైనను గాలియే. ఈ మూడింటికి తోడు నాల్గవది యొకటి కలదు. అది పెట్రోలు కలిసిన గాలిని లోపల గట్టిగా నదుముట. ఈ నాలుగును సరియైన క్షణమున గూడిననే మంట పుట్టి బండి నడచును.

మన వైద్యశాస్త్రమున రోగకారణమును కనుగొనుటకు నిదానమని పేరు. తెలుగున నా మాటకే తొందరపాటు లేకుండుట యని యర్థము. మా తండ్రిగారు నాకు చిన్ననాట శాస్త్రములు చెప్పునప్పుడు, ఈ రెండర్థములును విడదీయరానివనుచుండెడివారు. తొందరపడువాడు కారణమును కనుగొనజాలడు. కారు విషయమున నీ మాట యెంత నిజమో యీ వ్యాసమున మనవిచేసెదను.

వరంగల్లు నగరపుటంచున నున్న మా యెనుమాములలో మెకానిక్కులు ఈ జబ్బును "సెల్ఫు తిరుగుతున్నది గని బండి స్టార్టయితలేదు" అని చెప్పుదురు. ఈ యొక్క వాక్యముననే సగము నిదానము కలదు. తాళపుచెవి త్రిప్పినప్పుడు ఏ శబ్దమును రాకున్నను, టక్కుటక్కుమని కొట్టుకొని యాగిపోవుచున్నను దోషము బ్యాటరీలోనో, దాని కొనలకు పట్టిన తుప్పులోనో, సెల్ఫులోనో యుండును. అది వేఱు జబ్బు. సెల్ఫు చుఱుకుగా తిరిగి ఇంజనును త్రిప్పుచున్నచో బ్యాటరీయు సెల్ఫును తమ పని తాము చేయుచున్నవని తెలియవలెను. దోషము వానిని దాటిన పిమ్మట కలదు. ఇందొక చిన్న మినహాయింపు కలదు. సెల్ఫు నీరసముగా, మూల్గుచు తిరుగుచున్నయెడల బ్యాటరీ బలహీనపడి, త్రిప్పుటకు మాత్రము చాలి, నిప్పు పుట్టించుటకు చాలకపోయియుండవచ్చును. కావున తిరుగుచున్నదా యని మాత్రమే గాక, ఎట్లు తిరుగుచున్నది యని వినవలెను.

ఈ సెల్ఫు పుట్టి నూఱేండ్లు దాటినది. అంతకు ముందు బండి యెదుట నిలిచి యినుప హ్యాండిలు వేసి త్రిప్పవలసియుండెను. ఇంజను వెనుకకు తన్నిన చేతియెముక విఱుగుచుండెను. అమెరికాలో చార్లెస్ కెటరింగు అనునాతడు కల్పించిన విద్యుత్ సెల్ఫు 1912వ సంవత్సరపు క్యాడిలాకు కార్లకు మొదట అమరినది. బాహుబలము తక్కువైనవారును నొంటరిగా బండి నడుపుటకు వీలైనది అప్పటినుండియే. అంతకును ముందే, 1888 ఆగస్టులో, జర్మనీదేశమున బెర్తా బెంజు అను నిల్లాలు తన భర్త కార్ల్ బెంజు నిర్మించిన మోటారుబండిని, ఆయనకు చెప్పకయే తీసికొని, ఇద్దరు కుమారులతో మన్‌హైము నుండి పుట్టినింటికి ఫోర్జుహైము వఱకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణముచేసెను. త్రోవలో పెట్రోలువంటి యింధనము పాఱు గొట్టమున మకిలి అడ్డుపడగా టోపీకి గుచ్చుకొను సూదితో దానిని శుభ్రపఱచెను. నిప్పునకు సంబంధించిన తీగ యొకటి పైపొర యరగిపోగా తన మేజోటిపట్టీని దానికి చుట్టెను. ఒక దోషము కట్టెది, మఱియొకటి నిప్పుది. మోటారుబండి చరిత్రయందలి మొదటి దూరప్రయాణముననే యీ రెండు నిదానములును చేసినది యొక గృహిణి యని మన మెఱిగియుండుట మంచిది.

ఇక పరీక్షించు క్రమమును జెప్పెదను. మొదట బండిని న్యూట్రలున నుంచి, చేతిబ్రేకు వేసి, పిల్లలను దూరముగా నుంచవలెను. బానెట్టు తెఱచినప్పుడు చీరకొంగును, జడను బిగించికొనుడు. లోపలి పంకా తనంతట తానే తిరుగవచ్చును. దగ్గఱ దీపముగాని నిప్పుగాని యుండరాదు. సెల్ఫును ఒక్కసారికి పదిసెకండ్లకు మించి త్రిప్పక, నడుమ అరనిమిషమైనను విరామ మియ్యవలెను. లేనియెడల బ్యాటరీ దిగిపోయి ఒక జబ్బు రెండగును.

తాళపుచెవిని సగము త్రిప్పి, సెల్ఫు వఱకు పోక, యాగుడు. ఎదుటి పలకపై దీపములు వెలుగును. వానిలో తాళపుచెవి బొమ్మగాని తాళపుకప్ప బొమ్మగాని కలిగిన దీపము వెలిగియో మినుకుమినుకుమనుచునో యుండిన, బండి మీ తాళపుచెవిని గుర్తింపలేదని యర్థము. ఇప్పటి తాళపుచెవులలో చిన్న చిప్పు కలదు. దొంగతనము జరుగకుండుటకై, దానిని గుర్తించిననే ఇంజను మండుట కనుమతించును. అట్టియెడ నింటిలో దాచిన రెండవ తాళపుచెవితో ప్రయత్నింపుడు. దానితో మండిన రోగము తాళపుచెవిదే.

అదే స్థితిలో, బండిలో నిశ్శబ్దముగా కూర్చుండి వెనుకసీటు దిక్కున చెవియొగ్గుడు. చాల పెట్రోలు కార్లలో తాళము త్రిప్పగనే రెండు సెకండ్లపాటు తుమ్మెద రొదవంటి సన్ననిధ్వని వినవచ్చును. అది ట్యాంకులోని పంపు పెట్రోలును ముందుకు నెట్టు ధ్వని. మీ కారు బాగుగా నున్న దినములలోనే ఆ ధ్వని యెట్లుండునో విని గుర్తుంచుకొనుడు. ఆరోగ్యమున్ననాటి నాడి తెలియక రోగపు నాడి తెలియదు గదా! పెట్రోలు కొలత చూపు ముల్లునుగూడ గ్రుడ్డిగా నమ్మరాదు. లోపలి తేలుబుడ్డి యొకచోట చిక్కుకొని, ఉత్త ట్యాంకునే సగము నిండినట్లు చూపవచ్చును.

కొంతసేపు సెల్ఫు త్రిప్పిన పిదప పెట్రోలువాసన ఘాటుగా వచ్చిన, పెట్రోలు చేరుచున్నది గాని మండుటలేదని యూహింపవచ్చును. పెట్రోలెక్కువై ప్లగ్గులు తడిసియుండవచ్చును. తడికట్టె యంటుకొననట్లే తడిప్లగ్గును నిప్పు పుట్టింపదు. అనేకములైన యిటీవలి కార్లలో యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కిపట్టి సెల్ఫు త్రిప్పిన, పెట్రోలు చల్లుట యాగి గాలి మాత్రము లోనికి పోయి తడి యాఱును. వాసన యేమాత్రమును లేకున్న పెట్రోలే రాకపోవుచుండవచ్చును. సెల్ఫు తిరుగుచుండగా ఇంజను వేగమును చూపు ముల్లు కొంచెమైనను కదలుచున్నదా యని చూడుడు. కదలనియెడల, ఇంజను తిరుగుచున్న సంగతిని బండిలోని చిన్న కంప్యూటరునకు తెలుపు సెన్సారు చెడియుండవచ్చునని యొక యనుమానము. ఆ వార్త యందక పెట్రోలును రాదు, నిప్పును రాదు. వేడెక్కినప్పుడాగి, చల్లారిన పిదప మరల నడచు బండిలో నీ సెన్సారును ముందుగా ననుమానింపవలెను.

నిప్పున్నదా లేదా యని చేతితో తీగ పట్టి చూచుట మాత్రము ఇల్లాండ్రు చేయరాదు. పురుషులును చేయరాదు. ఆ తీగలలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ప్రవహించును. అది మెకానిక్కు తన పరికరముతో చూడవలసిన పని.

డీజిలుబండికి నిప్పు పుట్టించు ప్లగ్గు లేదు. గట్టిగా నదుముటచే పుట్టిన వేడిమియే దానికి నిప్పు. ట్యాంకు పూర్తిగా నెండినతర్వాత డీజిలు పోసినను, గొట్టములలో గాలి చిక్కుకొనుటచే నది వెంటనే నడువకపోవచ్చును.

ఇంతవఱకు చెప్పినది శాస్త్రము. ఇక అనుభవము. మా వారు పన్నెండు మైళ్ల దూరముననున్న యొక బడిలో ఉపాధ్యాయులు. తెల్లవాఱగనే బస్సున పోవుదురు. పాతబడిన మా చిన్నకారు ఇంటనే యుండును. మా మామగారికి మూత్రపిండములు చెడినందున వారమునకు రెండుమార్లు, మంగళ శుక్రవారములలో, డయాలిసిస్ జరుగవలెను. ఒకమాఱు తప్పిన ఒంట నీరు చేరి యాయాసము పుట్టును. రక్తమున పొటాషియము పెరిగి గుండెకు ప్రమాదము కలుగును. కావున నాకు కారన విలాసము గాదు, వేళకు మందువంటిది.

గత సంవత్సరము మిరపకాయల ఋతువున నొక మంగళవారము ఉదయమున సెల్ఫు చక్కగా తిరిగినది గాని బండి మండలేదు. ఇరుగుపొరుగువారును, త్రోవను పోవు హమాలీలును జాలితో గుమిగూడి "తోద్దామమ్మా, తోస్తె స్టార్టయితది" అనిరి. వారి మంచితనమునకు నమస్కరించి వలదంటిని. త్రోయుట సెల్ఫు చేయలేని పనిని చేయుటకే. సెల్ఫు చక్కగా తిరుగుచున్నప్పుడు త్రోయుటచే వచ్చు నూతనఫల మేమి? అదియును గాక, మండని పెట్రోలు పొగగొట్టమునబడి, అందున్న విలువైన పొగశుద్ధి పరికరమును పాడుచేయును. మామగారిని ఆటోలో కూర్చుండబెట్టుకొని యాసుపత్రికి పోతిని. పదినిమిషములు మాత్రమే యాలస్యమైనది.

సాయంకాలము మెకానిక్కు వచ్చి, సెల్ఫు నొకసారి త్రిప్పి చూచి, "పంపు ఖరాబైందమ్మా, కొత్తది ఎయ్యాలె, 8,000 అయితయి" అనెను. అంతకు మునుపే నేను చెవియొగ్గి వింటిని. పంపు ధ్వని వినబడలేదు. కారుతో వచ్చిన పుస్తకమును చూచి, ఫ్యూజుల పెట్టె మూతపై నున్న పటమును పోల్చి, పంపు ఫ్యూజు తెగలేదని గమనించితిని. రిలేను తీసి, అదే సంఖ్యగల హారను రిలేను దాని స్థానమున పెట్టి చూచితిని. పంపు పలుకలేదు. కావున మిగిలిన సందేహములు రెండు: పంపు చచ్చినదా, లేక పంపువఱకు విద్యుత్తే చేరుటలేదా? ఈ రెండు జబ్బులకును లక్షణ మొక్కటే, మౌనము.

అందుచేత "బాబూ, మార్చే ముందు పంపు దాకా కరెంటు వస్తున్నదో లేదో ఒక్కసారి దీపం పెట్టి చూడు" అంటిని. అతడు మొదట నవ్వెను. పిదప నేమనుకొనెనో వెనుకసీటును లేపి, పంపునకు పోవు తీగకొనకు పరీక్షాదీపమును తగిలించెను. దీపము వెలుగలేదు. పంపు నిర్దోషి యని తేలినది. తీగ వెంట వెదకికొనుచు పోగా, సీటు క్రింద జంపఖానామూల వేరుశనగ పొట్టును, దూదిపింజలును కుప్పగా నుండెను. ఆ ప్రక్కనే తీగ ఎలుకపంటికి తెగియుండెను. తీగను అతికి, పైన పట్టీ చుట్టుటకు మొత్తము 300 రూపాయలైనవి. శుక్రవారమునాడు మామగారు మరల కారుననే పోయిరి. ఆ మెకానిక్కు మోసగాడని నేననుకొనలేదు. పంపులు చెడుట చాలచోట్ల చూచియుండుటచే నదియే మొదట అతనికి తోచినది. నేటికిని మా బండి నతడే చూచును. ఇప్పుడు దీపము పెట్టి చూచిన తర్వాతనే మాటాడును.

తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని పండితులు చెప్పుదురు. ఆ చిన్న పుస్తకమును మా తండ్రిగారు నాచే వల్లెవేయించిరి. పొగ యున్నచోట నిప్పుండును. కాని నిప్పున్న ప్రతిచోట పొగ యుండవలెనని లేదు, కాలిన యినుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. ఈ భేదము కారునకు సరిగా నతుకును. పంపు ధ్వని వినబడిన విద్యుత్తు చేరుచున్నదని నిశ్చయింపవచ్చును. కాని ధ్వని వినబడనంతమాత్రమున పంపు చచ్చెనని నిశ్చయింపరాదు. అట్లే ధ్వని వినబడినంతమాత్రమున పెట్రోలు తగినంత యొత్తిడితో చేరుచున్నదనియు చెప్పరాదు, వడపోత పూడుకొనియుండవచ్చును. ఒక లక్షణమునకు రెండు కారణములున్నప్పుడు, ఆ రెండింటిని వేఱుచేయు పరీక్ష జరుపకుండ డబ్బు ఖర్చుపెట్టరాదు. ఒకేసారి రెండు వస్తువులను మార్పింపరాదు. బండి నడచినను, ఏది కారణమో మనకు తెలియకయే పోవును.

మా యెనుమాముల వ్యవసాయవిపణి ఆసియాఖండమున మిక్కిలి పెద్దవానిలో నొకటిగా పేరుపొందినది. ప్రత్తి, మిరప, వేరుశనగ, మొక్కజొన్న బస్తాలు గుట్టలుగా వచ్చును. ధాన్యమున్నచోట నెలుకలుండుట సహజము. వానకాలమునను, చలికాలమునను అవి వెచ్చదనమునకై నిలిపిన కార్ల బానెట్టులలో చేరును. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో దూది పోగుచేసి గూడు కట్టిన, నేను మొదట చెప్పిన గాలి ద్వారమే మూతపడును. అందుచేత మా ప్రాంతపు స్త్రీలు వారమునకొకసారి బానెట్టు తెఱచి పింజ, పొట్టు, పెంటిక లున్నవేమో చూడవలెను. కారులో తినుబండారములు విడువరాదు. బస్తాలప్రక్కను, చెత్తకుప్పప్రక్కను బండి నిలుపరాదు.

అదే విపణిలో మఱియొక పాఠమును కలదు. ప్రత్తి కొనువారు బస్తాలోనికి చేయిపెట్టి పింజ లాగి చూతురు. తేమ కొలుచు పరికరమును గ్రుచ్చుదురు. మద్దతుధరకు కొను భారత ప్రత్తి సంస్థవారు తేమ నూటికి 8 పాళ్లున్న పూర్తిధరయు, అంతకు మించిన తగ్గింపుతోను ఇత్తురు. 12 దాటిన కొనరు. రైతు కష్టించి పండించిన పంటను ఇంత పరీక్షించి కాని ధర కట్టరు. మఱి రైతుబిడ్డలమైన మనము, పంపు చెడినదన్న యొక్క మాటకు పరీక్ష లేక 8,000 లిచ్చుట యేమి న్యాయము?

చేయవలసిన పనులతోపాటు మానవలసిన పనులనుగూడ తెలిసికొనుడు. కొన్ని ఇంజనులలో టైమింగు బెల్టు అనునది పై భాగమును, క్రింది భాగమును జోడించి త్రిప్పును. అది తెగిన సెల్ఫు ధ్వని మాఱును. సాధారణముగా దంపుడుపాటవలె తూగుతో, అదుముడుకొక దెబ్బగా వినవచ్చు ధ్వని, ఆ తూగు పోయి, యెదురులేక గిఱ్ఱున తిరుగును. అట్లు వినబడిన వెంటనే యాపవలెను. మరల త్రిప్పిన లోపలి భాగములు ఒకదానినొకటి కొట్టుకొని వంగిపోవచ్చును. వరదనీట మునిగిన బండిని సెల్ఫు వేయనే రాదు. 2023 జూలైలో వరంగల్లు, హనుమకొండ పల్లపు వీధులలో వరద వచ్చినప్పుడు ఎన్నో బండ్లు నీట నిలిచినవి. గాలి నదుమవచ్చును గాని నీటి నదుమరాదు. నీరు చేరిన ఇంజనును త్రిప్పిన లోని యినుపకడ్డీలు వంగును. అట్టి బండిని త్రాటితో లాగించి బాగుచేయువారికడ చేర్చుటయే మేలు. తెగిన ఫ్యూజునకు మాఱుగా దానిపై వ్రాసిన సంఖ్యనే కలిగిన ఫ్యూజు వేయవలెను గాని, పెద్దసంఖ్య గలదానిని గాని రాగితీగను గాని వేయరాదు. అది తీగలను కాల్చి బండికే నిప్పంటించును.

మెకానిక్కుతో మాటాడునప్పుడు "కారు నడువలేదు" అని మాత్రము చెప్పకుడు. సెల్ఫు చుఱుకుగా తిరిగినదా, పంపు పలికినదా, వాసన వచ్చినదా, దీపములలో నేది వెలిగినది, నిన్న బండి యెక్కడ నిలిచినది, వాన పడినదా, పెట్రోలెప్పుడు పోయించినది, ఇవి వరుసగా చెప్పుడు. వైద్యునికి రోగి చెప్పునట్లు చెప్పిన, ఎదుటివాడును జాగ్రత్తగా వినును. ఇటీవలి కార్లలో కంప్యూటరునకు పరికరము తగిలించి లోపపుసంఖ్యను చదువుదురు. ఆ సంఖ్య యెక్కడ వెదకవలెనో చెప్పును గాని యేది కొనవలెనో చెప్పదు. మార్చిన పాతవస్తువును మీకు చూపుమని యడుగుటలో తప్పులేదు.

మా యత్తగారు మొదట "కోడలు బానెట్టులో తలపెట్టుట యేమి" యని గొణిగిరి. ఇప్పుడు మామగారు బయలుదేఱుటకు ముందు ఆమెయే సీటుప్రక్కన నిలిచి "పంపు పలికిందా అమ్మాయీ?" అని యడుగుచున్నారు.

సోదరీమణులారా! ఈ వారమున నొక తీరికవేళ మీ కారుతో వచ్చిన పుస్తకమును బయటకు తీయుడు. ఫ్యూజుల పెట్టె యెక్కడనున్నదో, రెండవ తాళపుచెవి యే డబ్బాలో నున్నదో చూచి పెట్టుకొనుడు. మీ ఆడుబిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టి, తాళము సగము త్రిప్పి, పంపు పలుకు వినిపింపుడు. వేళకు చేరవలసిన రోగియో, పరీక్షకు పోవలసిన బిడ్డయో, ప్రసవమునకు వచ్చిన కూతురో మీ యింటను నుండవచ్చును. ఆనాడు మీ చెవికి తెలిసిన యీ కొద్దిపాటి సంగతియే మీకు తోడగును.